పెద్ద సిస్టరు గారి చుట్టాలు

కనబడ్డ ప్రతివాడితోనూ చుట్టరికం కలిపేయడం మా పెద్ద సిస్టరుకున్న ఏకైక జబ్బు. ఇప్పుడు నేను పనిచేసే చోట నన్నందరూ మర్యాదగా "ఏజెన్సీ" అని పిలుస్తారు. అలా పిలిచినప్పుడల్లా ఆ జబ్బు మీద బెంగ పుడుతుంది.

అంతకుముందు నేను పనిచేసిన ప్రభుత్వ ఆస్పత్రి సర్జికల్ వార్డులో ఆవిడొక్కతే పర్మనెంటు నర్సు. మిగతావాళ్ళం ఏజెన్సీ పంపే అరువు సరుకు. పొద్దున ఎవరు దిగితే వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి మంచం మంచానికీ తిప్పేది.

"మా మేనకోడలు. సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"వీడు మా మరిది కొడుకు. మాట తక్కువ, పని ఎక్కువ."

ఆ మరిది కొడుకుని నేనే. మర్నాడు నన్నే పిన్ని కొడుకుని చేసింది. ఒక రోగి పట్టేశాడు. "నిన్న మరిది కొడుకన్నారుగా?"

"రెండు వైపులా చుట్టరికం ఉందిలే" అంది, తడుముకోకుండా.

ఆక్సిజన్ సిలిండర్లు దింపే అతణ్ణి కూడా "మా చిన్నల్లుడు" అనేసింది. అతను సిగ్గుపడిపోయి, ఆ రోజు సిలిండర్లు చప్పుడు కాకుండా దింపాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. "ఎందుకండీ ఈ నాటకం? నా ఒక్కడి కోసం ఏజెన్సీకి పోసే డబ్బుతో నాలాంటివాళ్ళను ఇద్దర్ని ఉద్యోగంలోకి తీసుకోవచ్చు. తీసుకోరు. ఇక్కడ నేను అద్దె కుర్చీని."

"అద్దె కుర్చీ అయినా నిటారుగా నిలబడాలిరా. పద, కట్లు మార్చాలి."

ఒకనాడు ఇంటికి వెళ్ళిపోతున్న రోగి ఒకావిడ సూపరింటెండెంటు దగ్గర ఆగి, "మీ పెద్ద సిస్టరు చుట్టాలంతా ఎంత బాగా చూసుకున్నారో బాబూ!" అని పొగిడింది. ఏజెన్సీ ఖర్చు చూసి అప్పటికే నిద్ర కరువైన మనిషి ఆయన. రుసరుసలాడుతూ వార్డులోకి వచ్చాడు. నేను వచ్చినప్పట్నుంచీ ఆ వార్డులోనే ఉన్న దర్జీ తాత కాలి పుండుకు కట్టు కడుతున్నాను.

"ఏమ్మా, ఖర్చు తడిసి మోపెడవుతోందని నేను ఏడుస్తుంటే, నువ్వు ఏజెన్సీ పేరుతో నీ వాళ్ళను దింపుతున్నావా? వీడెవడు?"

ఉద్యోగానికే ఎసరు. ఆవిడ మొదటిసారి తడబడింది. "నాకేమీ కాడు సార్. వీళ్ళెవరూ నాకేమీ కారు."

నిజమే కదా! నాకు తెలియనిదేముంది? మరి కట్టు చుడుతున్న చెయ్యి ఎందుకు ఆగిందో!

దర్జీ తాత గొంతు సవరించుకున్నాడు. "ఆ సంగతి మాకూ తెలుసు సార్. ఈ అబ్బాయి వచ్చిన రోజు కత్తెర పట్టుకుంటే చెయ్యి వణికింది. అతణ్ణి దూది తెమ్మని పంపేసి ఈవిడ నా చెవిలో ఊదింది. 'బాబాయ్, కొత్తవాడు. పరాయివాడని కసురుకున్నావంటే బెదిరిపోతాడు. మావాడంటాను, నమ్మినట్టు ఉండు' అని. మంచం మంచం దగ్గరా ఇదే వరస. నాకు నటన రాదు మొర్రో అంటే వినదే!"

వార్డంతా కిసుక్కుమంది. మోసపోయింది రోగులు కాదు, మేము.

"చుట్టాలు కాకపోయినా బిల్లు మాత్రం అంతేగా" అని గొణుక్కుంటూ సూపరింటెండెంటు వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఏజెన్సీ నన్ను వేరే ఊరికి వేసింది. సంచీ భుజాన వేసుకుని ఆవిడ ముందు నిలబడ్డాను.

"చేరగానే ఫోను చెయ్యి."

"మీ నంబరు లేదండీ. నా ఫోనులో చార్జింగూ లేదు."

"ప్రయాణం పెట్టుకుని చార్జింగు చూసుకోవూ? ఏదీ, చెయ్యి ఇలా పట్టు!"

తిడుతూనే బాల్‌పెన్నుతో నా అరచేతిలో అంకెలు వేసింది.

బస్సులో ఉక్కపోత. చెమటకు చెరిగిపోతాయేమోనని, అరచెయ్యి చాచుకుని కదలకుండా కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన చాలాసేపు నా మొహం వంకా, ఆ చేతి వంకా చూశాడు. చివరికి జాలిపడి అందులో ఒక బిస్కెట్టు పెట్టాడు.