మా వదినకు సర్దుకుపోయే గోల్ఫ్ డ్రైవర్ కోసం ధర్మవరం దాకా

మా పద్మ వదిన గోల్ఫ్ మానేస్తానన్నది. ఈ ప్రయాణానికి కారణం అదే. వదిన అంటే మా ఆయనకు అక్క. హిందూపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఏడాది కిందట ఆమె భుజం పట్టేసినప్పుడు, వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఏదో ఒక ఆట పట్టుకోమని చెప్పింది. పెనుకొండ దగ్గర హైవే పక్కన గోల్ఫ్ ప్రాక్టీసు మైదానం ఒకటి ఉంది. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అక్కడి కొరియా ఉద్యోగుల కోసం మొదలుపెట్టారు కానీ, బంతుల బుట్టకు మూడు వందలు కడితే ఎవరైనా ఆడుకోవచ్చు. వదినకు తోడుగా నేనూ చేరాను. శనివారం పొద్దున ఆడవాళ్ళం ఆరేడుగురం కలుస్తాం.

గోల్ఫ్ తెలియని వాళ్ళకు ఒక మాట. బంతిని మొదటి దెబ్బకే దూరం పంపడానికి వాడే, పెద్ద తల ఉన్న పొడుగాటి కర్రను డ్రైవర్ అంటారు. వదిన మిగతా కర్రలతో బాగానే ఆడుతుంది. డ్రైవర్ పట్టుకుంటే మాత్రం బంతి కుడివైపుకు వంకర తిరుగుతుంది. కుడివైపు వల సగం దూరమే ఉంది, ఆ తర్వాత ముళ్ళకంచె, దాని అవతల గంగమ్మ అనే ఆమె చెనిక్కాయల చేను, అంటే వేరుశనగ. పోయిన శనివారం గంగమ్మ ఒడి నిండా బంతులు తెచ్చి అందరి ముందూ కుమ్మరించి, "ఏమక్కా, కలుపు తీస్తామని పోతే ఇవే దొరకతాండాయి. ఇంకో వాన పడితే మొలకెత్తేట్టుండాయి" అన్నది. అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది. తిరిగి వచ్చి ఇంటి ముందు దిగుతూ మాత్రం, వచ్చే నెల నుంచి తనను లెక్కలో వేసుకోవద్దని చెప్పింది.

వదిన ఒకటి మానేసిందంటే మళ్ళీ ముట్టుకోదు. స్కూటీ నేర్చుకుంటూ ఒక్కసారి పడి, తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టింది. పదిహేనేళ్ళయింది. అప్పటి నుంచి బజారుకు పోవాలన్నా ఎవరో ఒకరు బండి తీసేదాకా గడపలో నిలబడి చూస్తుంది. శనివారం పొద్దున మాత్రమే ఆమె అందరికంటే ముందు తయారై మా ఇంటి గేటు తడుతుంది. అది పోకూడదని నాకు గట్టిగా అనిపించింది. పైగా వచ్చే ఆదివారం బెంగళూరులో ఆడవాళ్ళకు సరదా పోటీ ఉంది. మా జట్టు నుంచి నలుగురి పేర్లు బుధవారం సాయంత్రం ఆరు లోపల పంపాలి. నాలుగో పేరు వదినదే. మైదానంలో ఆట నేర్పే ఇమ్రాన్‌కు ఫోన్ చేస్తే, ఆమె వాడుతున్నది మైదానం వాళ్ళ పాత డ్రైవర్ అనీ, అది ఆమెకు తగినది కాదనీ, ధర్మవరంలో ఒకాయన రెండు అమ్ముతున్నాడనీ చెప్పాడు. చివరిసారిగా ఒక ప్రయత్నం చేద్దామని వదినను ఒప్పించాను. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: కుదరకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

బుధవారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. హిందూపురం నుంచి పెనుకొండకు బస్సులు బాగానే ఉంటాయి. కానీ ఒకే రోజు మూడు చోట్లు తిరగాలి కాబట్టి, మా వీధిలోనే ఉండే ఓబులేసు కారు మాట్లాడుకున్నాం. డీజిల్‌తో కలిపి రోజుకు మూడు వేల రెండు వందలు. సోమందేపల్లి దాటాక హోటల్ దగ్గర ఆపి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ముగ్గురికీ టీలతో సహా నూట తొంభై అయింది. ఏం కొనడానికి పోతున్నామో ఓబులేసుకు వివరంగా చెప్పాను. అంతా విని, "అంత దుడ్లు పోసి కట్టె కొంటారా అక్కా? దాంతో పామునైనా కొట్టచ్చా?" అని అడిగాడు. "ముందు బంతిని కొట్టనీ అబ్బా, పాము సంగతి మళ్ళ చూద్దాం" అన్నది వదిన.

ఎనిమిదిన్నరకు మైదానం చేరాం. ఎండ ఇంకా ముదరలేదు, కొండ మీద కోటగోడ స్పష్టంగా కనిపిస్తోంది. ఇమ్రాన్ పాత డ్రైవర్‌తో వదిన చేత కొట్టించి చూశాడు. బంతి ఎక్కడ తగులుతోందో తెలియడానికి డ్రైవర్ ముఖం మీద అంటించే కాగితాలు అయిపోయాయట. నా సంచిలో ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా ఎప్పుడూ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి పలచగా పౌడర్ అద్దితే, బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చ పడింది. ఒకటి మొన దగ్గర, ఒకటి మడమ దగ్గర, ఒకటి కింద అంచున. నడిమధ్య ఒక్కటీ లేదు.

ఇమ్రాన్ చెప్పింది కొత్తగా కొనేవాళ్ళకు పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. మనలాంటి వాళ్ళకు డ్రైవర్ తల నిబంధనలు ఒప్పుకున్నంత పెద్దదిగా ఉండాలి, అంటే నాలుగు వందల అరవై సీసీ. లోపలి బరువు వెనక్కి, అంచులకు సర్ది ఉంటే, బంతి మధ్యలో తగలకపోయినా తల అంతగా మెలి తిరగదు. ముఖం వాలు పదిన్నర నుంచి పన్నెండు డిగ్రీలు ఉంటే బంతి తేలిగ్గా లేస్తుంది. తొమ్మిది డిగ్రీలవి బాగా వేగంగా ఊపేవాళ్ళకే. తలకు బిగించిన కర్ర తేలికగా, కాస్త వంగేదిగా ఉండాలి. కొత్తవి నలభై వేలు దాటుతాయి. రెండు మూడేళ్ళ పాత మోడల్ అయితే మూడో వంతుకు దొరుకుతుంది, తేడా మన చేతికి తెలియదు. పగుళ్ళు లేవని, ఊపితే లోపల గలగలమనడం లేదని మాత్రం చూసుకోవాలి. తప్పుగా కొట్టినా సర్దుకుపోయే డ్రైవర్ అడగండి అన్నాడు. వదిన అంతా విని తల ఊపింది. కారెక్కాక, "ఆ పిల్లోడు మనల్ని ముసలోళ్ళ కింద కట్టేసినాడే. స్కూల్లో వాలీబాల్ ఆడినదాన్ని, నాకు వంగే కర్రెందుకు?" అన్నది.

హైవే మీద అనంతపురం వైపు కొంతదూరం పోయి, కుడివైపు ధర్మవరం రోడ్డు పట్టాం. గంట పైన పట్టింది. డ్రైవర్లు అమ్ముతున్న నాగరాజు గారిది రైల్వే స్టేషన్‌కు దగ్గరలో పట్టుచీరల దుకాణం. బెంగళూరు వ్యాపారులతో తిరిగిన రోజుల్లో గోల్ఫ్ అలవాటైంది, నడుము నొప్పి వచ్చి మానేశాడు. పరుపు మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, చీరలు పరిచే తెల్ల గుడ్డ మీద రెండు డ్రైవర్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి నల్లనిది, ఆయనదే. గీత కూడా లేదు. ఇరవై రెండు వేలు చెప్పాడు. రెండోది నీలం రంగుది. ఆయన భార్య కొన్నాళ్ళు ఆడి వదిలేసింది. పైన అక్కడక్కడ రంగు లేచింది. పన్నెండు వేలు.

వదిన రెండు చేతుల్లో రెండూ ఎత్తి తూచింది. ఇత్తడి బిందె కొన్నా, పట్టుచీర కొన్నా మా ఇంట్లో అందరం చేసేది అదే. బరువుంటే గట్టిది, గట్టిదైతే నాలుగు కాలాలు వస్తుంది. వేలితో నల్లదాని తల మీద కొట్టి చప్పుడు కూడా విన్నది. "ఇదే. ఇంకోటి బెండు మాదిరుండాది" అన్నది. నా చేతికీ నల్లదే మంచిదనిపించింది. కానీ దాని అడుగున తొమ్మిది డిగ్రీలని రాసి ఉంది, కర్ర మీద గట్టిదని గుర్తు ఉంది. నీలం దాని మీద పన్నెండు, కర్ర వంగేది. ఇమ్రాన్ చెప్పింది గుర్తుచేస్తే వదినకు కోపం వచ్చింది. చవకదని దానికి మొగ్గుతున్నానన్నది. పప్పులు, ఉప్పులు లెక్క రాసుకున్నట్టు తన ఆటకూ లెక్క రాస్తున్నానన్నది. చవకదనే ఆలోచన నాకు లేదని చెబితే అబద్ధమవుతుంది.

ఏది కొనాలో ఇద్దరి మధ్య తెగకపోవడం నాగరాజు గారు చీరల దగ్గర రోజూ చూసేదే. ధర్మవరంలో తెలిసినవాళ్ళు పెళ్ళికి చీరలు కొనేటప్పుడు నాలుగైదు ఇంటికి తీసుకుపోయి, అందరికీ చూపించి, నచ్చింది ఉంచుకుని మిగతావి తిరిగి పంపుతారు. ఆయన రెండు డ్రైవర్లనూ పాత దుప్పటిలో చుట్టి నా చేతికిచ్చాడు. "రెండూ తీసకపోండక్కా. ఆడి చూసుకోండి. నచ్చింది పెట్టుకోని, ఇంకోటి బస్సు పార్సిల్లో పంపీండి. చీరలకు లేని భయం కట్టెలకెందుకు?" అన్నాడు. కొంత డబ్బు ముందుగా ఇస్తామంటే, ఇమ్రాన్ చెప్పి పంపినవాళ్ళ దగ్గర తీసుకోనన్నాడు. గోల్ఫ్ సామాను ఇలా తీసుకెళ్ళి చూసుకోవడం కొత్త షాపుల్లో కుదరదు. పాతవి అమ్మేవాళ్ళను మాత్రం మొహమాటపడకుండా అడగండి.

మధ్యాహ్నం అక్కడే ఒక మెస్సులో సంగటి, పప్పు, చెనిక్కాయల చట్నీతో భోంచేశాం. మనిషికి తొంభై. వదిన సగం తిని చెయ్యి కడుక్కుంది. వడ్డించే ఆమె, సంగటి బాగలేదా అని అడిగితే, "నీ సంగటి బాగుండాది తల్లీ, నా కతే బాగలేదు" అన్నది. నవ్వుతూనే అన్నది కానీ నాకు అప్పుడు అర్థమైంది, నల్లది కూడా కుదరకపోతే, తప్పు పాత డ్రైవర్‌దని చెప్పుకోవడానికి ఆమెకు ఇక సాకు మిగలదని.

నాలుగున్నరకు తిరిగి మైదానానికి వచ్చాం. ఒక్కోదానితో పది బంతులు అని అనుకున్నాం. గంగమ్మ కంచె అవతల గంప పక్కన పెట్టుకుని కలుపు తీస్తోంది. ఆమె అక్కడుండగా కొట్టనని వదిన కాసేపు కూర్చుంది. తర్వాత తనే లేచి, నల్లదానికి నా డబ్బాలో పౌడర్ అద్దుకుని మొదలుపెట్టింది. మొదటి బంతి తక్కువ ఎత్తులో పోయి చేనులో పడింది. రెండోదీ అంతే. గంగమ్మ ఒక్కొక్కటే ఏరి గంపలో వేసుకుంది. పదింట్లో ఆరు అటే పోయాయి. వదిన ముఖం ఎర్రబడింది. నీలందాన్ని పట్టుకోకుండానే ఆమె చేతి తొడుగు విప్పబోతే, రెండింటితోనూ పదేసి అనుకున్నామని గుర్తుచేశాను.

నీలందానికీ పౌడర్ అద్ది కొట్టిన మొదటి బంతి పైకి లేచింది. కుడికి కాస్త వాలింది కానీ వల లోపలే పడింది. రెండోది ఇంకాస్త నేరుగా పోయింది. పది అయ్యేసరికి చేనులో పడింది ఒక్కటే. వదిన నా వైపు చూసి, చెయ్యి ఇప్పటికి కుదిరిందన్నది. ఇమ్రాన్ రెండు డ్రైవర్లనూ పక్కపక్కన పట్టి చూపించాడు. రెండింటి ముఖం మీదా మచ్చలు ఒకేలా చెల్లాచెదురుగా ఉన్నాయి.

"మీ చెయ్యి అట్లే ఉంది మేడమ్, రెండింటితోనూ తప్పే కొట్టినారు. గట్టి కర్ర మీ వేగానికి వంగదు. తల తిరిగి నేరుగా వచ్చేలోపే బంతి పోతుంది. ఇది వంగుతుంది, వేగంగా వస్తుంది. మొనకు తగిలినా తల మెలి తిరగదు. మీ తప్పు ఇదే సర్దుకుంటుంది" అన్నాడు.

వదిన ఆ మచ్చల్ని చాలాసేపు చూసింది. బరువైన నల్లదాన్ని దుప్పటిలో చుట్టి నా వైపు తిరిగింది.

"ఏమే శారదా, అత్తగారింట్లో మొదలుపెట్టి ఇన్నేండ్లు మనమే అందరికీ సర్దుకోని పోయినాం. ఇదొకటన్నా మనకు సర్దుకోని పోనీ" అన్నది.

నాగరాజు గారికి అక్కడి నుంచే ఫోన్ చేసి పన్నెండు వేలు పంపాను. నల్లది మర్నాడు హిందూపురం బస్టాండులో పార్సిల్ వేశాను. ఆ సాయంత్రం మైదానంలోనే ఇమ్రాన్ పోటీకి పేర్లు పంపడానికి ఫోన్ తీసి నా వైపు చూస్తే, వదిన మధ్యలోకి వచ్చి తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, తప్పు లేకుండా కొట్టాడో లేదో తొంగి చూసింది. మేము బయలుదేరుతుంటే గంగమ్మ కంచె దగ్గరికి వచ్చి బంతులు అందించింది. "ఏమక్కా, సగం తర్వాత ఈ పక్కకు కొట్టేది ఆపేసినావు? గంప నిండనే లేదే" అన్నది.

"ఇంక నిండదులే. చెనిక్కాయలు పెట్టుకోపో దాంట్లో" అన్నది వదిన.

వచ్చేటప్పుడు ఆ డ్రైవర్‌ను డిక్కీలో పెట్టనివ్వలేదు. హిందూపురం దాకా ఒడిలో అడ్డంగా పెట్టుకుని, శనివారం ఆరింటికే బయలుదేరాలని ఓబులేసుకు రెండుసార్లు చెప్పింది. ఇంత తిరిగి మేము తెచ్చుకున్నది రంగు లేచిన పాత సామాను. వదిన చెయ్యి మారలేదు. బెంగళూరులో ఆమె ఎలా ఆడుతుందో నాకు తెలియదు, బహుశా చివరి స్థానమే రావచ్చు. కానీ తప్పు కొట్టిన ప్రతిసారీ నలుగురిలో తలదించుకోవాల్సి వస్తే, ఈ వయసులో ఏ ఆటలోనూ ఎవరూ నిలవరు. కొట్టిన తప్పు మైదానంలోనే పడితే, ఇంకో బంతి కొట్టాలనిపిస్తుంది.

మీరూ ఇలాంటి పని మీద బయలుదేరితే ఒక్క జాగ్రత్త: డ్రైవర్‌ను చేతిలో తూచి ఎంచుకోకండి. పౌడర్ డబ్బా, తడిగుడ్డ వెంట తీసుకుపోండి. మీకు నచ్చినదానితో, నచ్చనిదానితో సమానంగా పదేసి బంతులు కొట్టండి. మచ్చలు ఎటూ చెల్లాచెదురుగానే ఉంటాయి. బంతులు ఏ చేనులో పడ్డాయో చూసి కొనండి.