శాంతిరాజ్ జేబులో మాత్ర

గని నుంచి రిటైరై ఆరేళ్లయినా శాంతిరాజ్ ఫస్టు షిఫ్టు వేళకే లేస్తాడు. లేవగానే క్వార్టరు వెనక ఇసుక తొట్టి ముందు గొంతుకూర్చుని, పెంపుడు పిల్లి మూత్రం పోసిందో లేదో వేళ్లతో తడిమి చూస్తాడు. అది రెండుసార్లు మూత్రం ఆగిపోయి చావు దాకా వెళ్లొచ్చింది. వాపు తగ్గే మాత్ర రోజూ వేస్తే మళ్లీ ఆగకపోవచ్చని, ఏళ్ల తరబడి వేస్తే కిడ్నీలు చెడిపోవచ్చని పశువుల డాక్టరు చెప్పి, నిర్ణయం ఆయనకే వదిలేశాడు. ఆ మాట వినగానే శాంతిరాజ్ చెయ్యి తన నడుం మీదికి పోయింది. సెలవు పెడితే హాజరు మస్టర్లు తగ్గుతాయని ఆయన పదేళ్లు నొప్పి గోలీలు మింగి గనిలోకి దిగాడు. ఆ గోలీల వల్ల ఇప్పుడు ఆయన కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి.

మూడు రోజులుగా మాత్ర జేబులోనే ఉంది. ఈ పొద్దున ఇసుక మీద రెండు చుక్కలే కనిపించాయి. పిల్లి వంగి వంగి అరుస్తోంది.

"దానికి మూత్రం బంద్, నీకు దిమాక్ బందా? ఎయ్యరాదయ్యా!" అంది భార్య సువార్త.

ఆయన మాత్రను చేప ముక్కలో కుక్కాడు. "నేను మింగిననాడు నాకు తెల్వకపాయె సువార్తా. దీనికైతే తెలిసి తెలిసి పెడుతున్న."

పిల్లి ముక్క తిని, ఆయన వేళ్లు కూడా నాకింది.