రంగుల పేజీ పెయింటరు

రైలు వంతెన దాటుతుండగా ఎదుటి సీటులోని మనిషి, అంతసేపూ ఒళ్లో ఓ చెప్పుల పెట్టె పెట్టుకుని కూర్చున్నవాడు, జేబులోంచి రెండు చిన్న సీసాలు తీసి నా ముక్కు కింద పెట్టాడు.

"ఏమనుకోకండి పెద్దాయనా. వీటిలో ఆకుపచ్చ ఏది, బూడిద ఏది?"

దారిలో నన్ను టైము అడిగినవాళ్లున్నారు, పెళ్లి సంబంధాలు అడిగినవాళ్లున్నారు. రంగు అడిగినవాడు ఇతనొక్కడే.

"రెండూ ఆకుపచ్చేనయ్యా."

"వేళాకోళమా?" అని నవ్వబోయి ఆగిపోయాడు.

ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడట. యుద్ధవిమానాల బుల్లి నమూనాలు చేసేవాళ్ల పత్రికొకటి ఉంది; నమూనాలకు రంగులద్ది చూపించే అందులోని రంగుల పేజీ ఇరవై రెండేళ్లుగా ఇతనిదే. ఆ పాఠకులు సామాన్యులు కారు. రెక్క కింద ఒక్క ఛాయ తేడా వస్తే చాలు, ఎడిటరుకు ఉత్తరాల మీద ఉత్తరాలు. లోకంలో ఇంత శ్రద్ధగా చూసే కళ్లున్నాయా అని నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. మూడేళ్లుగా ఇతని కళ్లకు రంగులు ఆరిపోతున్నాయి. మందు లేదన్నారు. ఇన్నాళ్లూ భార్య పక్కన కూర్చుని చెప్పేది, ఇతను వేసేవాడు. నెల కిందట ఆమె పక్కనుంచి లేచి వెళ్లి వంటింట్లో కూర్చుంది.

"'కళ్లు నావీ, పేరు నీదా? ఎడిటరుకి నిజం చెప్పిరా, అప్పుడు చూస్తా నీ సీసాలు' అంది. మొండిఘటం."

"చెప్పేస్తే పోలా?"

"చెప్తే పేజీ పోతుంది. పేజీ పోతే నేనెవర్నండీ? ఇంట్లో కుర్చీకి కాపలా!"

పెట్టె తెరిచాడు. దూదిలో అరచేతంత విమానం. అద్దాల చుట్టూ గీతలు వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వణక్కుండా ఉన్నాయి.

"పైన ఆకుపచ్చ, పొట్ట లేత బూడిద. ఇవాళ ఎడిటరు బల్ల మీద పెట్టాలి. చుక్కలు లెక్కపెట్టే కలిపాను. కుదిరిందా?"

వీపు నుంచి పొట్ట దాకా ఒకే ఆకుపచ్చ. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ బల్ల దగ్గర ఇతని పక్కన నేనుండనుగా.

"మొత్తం ఆకుపచ్చే, నాయనా."

నమ్మలేదు. స్వెట్టరు అల్లుకుంటున్న పక్కసీటావిడ ముందు పెట్టెను పెట్టాడు. "అమ్మా, మీరు చెప్పండి."

"చిలకలా ఉంది బాబూ! ముక్కొక్కటే ఎర్రగా లేదు" అందామె నవ్వుతూ.

అతను పెట్టె మూసేశాడు. ఎడిటరు ఉండే ఊరు ఇంకా ముందుంది, తర్వాతి స్టేషను అతను దిగాల్సినది కాదు. అయినా రైలు ఆగీ ఆగకముందే లేచాడు.

"చెప్పి చూడవయ్యా, ఆ ఎడిటరూ మనిషేగా!" అన్నాను.

పెట్టెను చంకలో ఇరికించుకుని దిగి, ఊళ్లోకి పోయే గేటు వైపూ కాకుండా, అవతల ఆగివున్న, ఇతని ఇంటివైపు వెనక్కి పోయే రైలు వైపూ కాకుండా, ప్లాట్‌ఫారం చివరికి నడిచిపోయాడు.