మా గరాజ్‌లో శవపేటికకి రంగు వేసిన నోరా గారు

నిన్న పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగబోతూ ఫోన్ చూశాను. ఐర్లాండ్ నుంచి లియమ్ మెసేజ్.

"నోరా ఇక లేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది."

మళ్ళీ డోర్ వేసుకుని కూర్చుండిపోయాను. టీమ్‌తో రోజూ ఉండే స్టాండప్ మీటింగ్ మొదలైందని ఫోన్ మోగుతూనే ఉంది.

మీలో ఎవరికీ నోరా గారు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆవిడది ఐర్లాండ్‌లో ఒక చిన్న ఊరు. పోస్టాఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఊళ్ళో సరదాకి నాటకాలు వేసే ఒక బృందంలో ఉండేవారు. అందరూ పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్ళే. డైరెక్టర్ లియమ్‌కి మందుల షాపు ఉంది.

కొన్నేళ్ళ క్రితం, మంచి వింటర్‌లో, వాళ్ళు ఒక డార్క్ కామెడీతో అమెరికా టూర్‌కి వచ్చారు. ఎక్కడికి వెళ్తే అక్కడ ఎవరో ఒకరి ఇంట్లో దిగేవాళ్ళు. మా ఊరు నోవైలో లైబ్రరీ వాళ్ళు "ఎవరైనా ఒక గది ఇవ్వగలరా" అని ఈమెయిల్ పెడితే నేను సరే అన్నాను.

అదేమీ గొప్ప మనసు కాదు. అప్పుడు మా ఆయన కిరణ్ వీసా స్టాంపింగ్‌కి వెళ్ళి హైదరాబాద్‌లో ఇరుక్కుపోయాడు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్. "మాధవి, యూ ఆర్ ఆన్ మ్యూట్" అని తప్ప రోజంతా నా పేరు పిలిచేవాళ్ళే లేరు. అలా నోరా గారు మా ఇంట్లో దిగారు.

నాటకం కథ చిన్నదే. మార్టిన్ అనే పెద్దమనిషి పోతాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం శవాన్ని ఇంట్లోనే ఉంచుతారు. ఊరంతా వచ్చి టీ తాగుతూ ఆయన్ని తెగ పొగుడుతుంది. ఆయన ఎలాంటివాడో భార్యకి ఒక్కదానికే తెలుసు. ఆ భార్య నోరా గారు. శవం లియమ్. డైలాగ్ లేని వేషం ఎవరూ వేయనంటే తనే పడుకున్నాడు.

శవపేటికని విమానంలో తేలేరు కదా. ఇక్కడే ప్లైవుడ్ కొని మా గరాజ్‌లో చేశారు. నోరా గారు కిరణ్ పాత స్వెటర్ వేసుకుని దానికి నల్లరంగు వేస్తుంటే, పక్కింటి పెద్దాయన స్నో తీస్తూ తీస్తూ ఆగిపోయాడు. కాసేపు చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఈమధ్య మీ ఆయన కనిపించడం లేదు. బాగున్నారా?"

నేను చెప్పేలోపే నోరా గారు అందుకున్నారు. "బాగానే ఉన్నాడండీ. ఇప్పుడు అస్సలు గొడవ చేయడం లేదు."

ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వి ఎన్ని నెలలైందో.

మర్నాడు బ్రేక్‌ఫాస్ట్ చేస్తూ మామూలుగా అడిగాను, మీ ఆయన ఏం చేస్తారని.

"టామ్ పోయాడు. ఇక్కడికి రావడానికి కొంచెం ముందే" అన్నారు.

మరి ఈ వేషం ఎలా వేస్తున్నారని అడిగేశాను.

"ఊళ్ళో నన్ను చూస్తే చాలు, అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. స్టేజ్ మీదొక్కచోటే ఎవరూ అలా మాట్లాడరు."

షో ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నుంచి ఒకటే స్నో. హాల్లో పట్టుమని పదిమంది లేరు. అయినా వేశారు.

ఒకచోట ఆవిడ పేటిక మీదకి వంగి భర్తని దెప్పాలి. "బతికున్నప్పుడు ఒక్కసారైనా నా మాట విన్నావా మార్టిన్? ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా వింటున్నావో."

ఆ రోజు ఆవిడ మార్టిన్ అనలేదు. టామ్ అన్నారు.

అని ఆగిపోయారు. పేటిక అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అప్పుడు లోపల పడుకున్న లియమ్ మెల్లగా చెయ్యెత్తి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

శవం చెయ్యెత్తేసరికి హాలంతా పగలబడి నవ్వింది. నాటకంలో భాగమే అనుకున్నారు.

జనంలో నవ్వనిది నేనొక్కదాన్నే. ఆవిడ నాటకం చివరిదాకా పూర్తి చేశారు.

ఇంటికి వస్తుంటే కార్‌లో ఆవిడే అన్నారు. "ఇవాళ బాగా నవ్వారు కదా."

"అవునండీ."

తర్వాత ఏడవడం మొదలుపెట్టారు. మా ఇంటి టర్న్ వచ్చింది. నేను తిప్పలేదు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆ స్నోలో మెల్లగా డ్రైవ్ చేస్తూనే ఉన్నాను.

మర్నాడు వాళ్ళ వ్యాన్ ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి చాలా ఆదివారాలు ఆవిడ ఫోన్ చేసేవారు. అక్కడి వాన సంగతి, కొత్త నాటకం సంగతి, నా ప్రాజెక్ట్ సంగతి. కిరణ్ తిరిగొచ్చాక కూడా మానలేదు. ఎందుకో ఆవిడతోనే నేను అబద్ధం చెప్పకుండా "బాగాలేదండీ" అనగలిగేదాన్ని.

నిన్న, ఇక్కడికి దగ్గర్లోనే ట్రాయ్‌లో ఉండే నా ఫ్రెండ్ శిరీషకి ఫోన్ చేశాను.

"ఎవరే ఆవిడ? ఆఫీస్‌లోనా?"

"కాదే. ఒకప్పుడు మా ఇంట్లో వారం రోజులు ఉన్నారు."

"వారమేనా?" అంది. తప్పుగా అనలేదు. దానికి నిజంగానే అర్థం కాలేదు.

కిరణ్ లీవ్ పెట్టి ఇంటికి వచ్చేశాడు. టీ పెట్టి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. "నేను ఫోన్‌లో హాయ్ చెప్పడం తప్ప ఆవిడతో మాట్లాడింది లేదు కదా. ఏం చెప్పాలో తెలియట్లేదు" అన్నాడు.

రేపు వాళ్ళ ఊళ్ళో అంత్యక్రియలు. నేను వెళ్ళలేను. అక్కడ ఊరంతా ఆవిడ గురించి చెప్పుకుంటుంది. ఇక్కడ చెప్పుకోవడానికి నాకు మీరే ఉన్నారు. ఇంతదాకా చదివారంటే, ఆవిడ మీకూ కొంచెం తెలిసినట్టే.

వెళ్ళిరండి నోరా గారూ. మీ మనసు ఇక నిమ్మళంగా ఉండాలి.