క్లిప్పు లేని డబ్బా

మారేడ్‌పల్లిలో మా పాత పక్కింటి అంకుల్ పోయారు. పొద్దున్నే ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ కుర్చీలనే పోయిండమ్మా. డాక్టరొచ్చి చూసి పోయిండు. శవపెట్టె పెట్టనీకి హాల్ల జాగ లేదు, చర్చి పోరగాళ్లు టేబుల్ జరుపుతున్నరు," అని ఏడుస్తూ పెట్టేశారు.

నాకు ఏడుపు రాలేదు. ఆ టేబుల్ మీద ఏముందో నాకు తెలుసు. మూత తీసిన ఆంప్లిఫయర్. "కొత్తదాని పవర్ సప్లై చూస్తున్న, ఆదివారం రా," అని అంతకు ముందురోజే ఆయన చెప్పారు. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. అల్వాల్‌లో ఆటో ఎక్కి, "అన్నా, జెర జల్ది పోనీ," అన్నాను.

అంకుల్ రైల్వేలో టెలిఫోన్ల పని చేసి రిటైరయ్యారు. తర్వాత హెడ్‌ఫోన్లలో పాటలు వినడానికి గాజు వాల్వులతో ఆంప్లిఫయర్లు కట్టేవారు. ఈ కాలంలో వాల్వులేంటని నవ్వకండి. వాటి నారింజ వెలుగు పక్కన కూర్చుని చర్చి పాట వింటే పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. కానీ ఆ వాల్వులకు ఇంటి కరెంటును మించిన వోల్టేజీ కావాలి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లు దాన్ని పట్టుకునే ఉంటాయి. వాల్వులు ఇంకా గుచ్చని డబ్బాలోనైతే అది పోయే దారే ఉండదు. చెయ్యి తగిలితే ప్రాణం పోవచ్చు.

నేను పుట్టు పిరికిదాన్ని. మిక్సీ ప్లగ్గు పెట్టాలన్నా చెప్పులేసుకునే రకం. ఈ పిరికిదానికి ఆ పనెందుకు నేర్పిస్తున్నారని ఆంటీ అడిగితే, "భయమున్నోళ్లకే నేర్పిస్త. ధైర్యవంతులు నాకొద్దు," అన్నారు. ఆయనకూ భయమే. మూత తీసేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని కుడిచేత్తోనే పని చేసేవారు. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెలోంచి పోతుందట. నాకు జేబు లేదంటే, "చున్నీల చుట్టి ఎన్కకు పెట్టుకో," అన్నారు.

నేను మొదట కట్టినదాంట్లో ఒకటే వాల్వు. మీటరు మీద పాట తాలూకు వోల్టేజీ బ్రహ్మాండంగా పెరిగింది. హెడ్‌ఫోన్ తగిలించగానే పాట పీలగా, బొంగురుగా అయిపోయింది. నా మొహం చూసి అంకుల్ ఒకటే నవ్వు.

"గొంతు లేచింది గానీ ఒంట్ల సత్తువ లేదమ్మా. హెడ్‌ఫోన్ కదలాలంటే కరెంటు గావాలె," అంటూ రెండో వాల్వు కలిపారు. చూద్దును కదా, అది వోల్టేజీని పెంచడం మాట అటుంచి కాస్త తగ్గించింది.

"మరి ఇదెందుకంకుల్, దండగ!"

"ఇది ఎత్తు పెంచదు. ముందుదానికి భుజమిస్తది."

మళ్లీ పెట్టుకుంటే పాట నిండుగా వచ్చింది. నాకు ఓపిగ్గా ఏదైనా నేర్పినవారు ఆయనొక్కరే.

పని ఆపినప్పుడల్లా, కర్రపుల్లకు కట్టిన రెసిస్టర్‌ను ఆనించి కెపాసిటర్లను మెల్లగా ఖాళీ చేసేవారు. మీటరు సున్నా చూపాక బట్టలారేసే క్లిప్పు ఒకటి డబ్బాకు పెట్టేవారు. "క్లిప్పుంటే చల్లబడ్డట్టు. లేకుంటే బతికున్నట్టే లెక్క." తీగ మీది క్లిప్పులన్నీ మాయమవుతున్నాయని ఆంటీ రోజూ పోట్లాడేవారు.

నేను వెళ్లేసరికి అంకుల్‌ని దివాన్ మీద పడుకోబెట్టారు. ఒకతను టేబుల్ మీది డబ్బా ఎత్తబోతున్నాడు.

"ఎవరూ ముట్టుకోకుండ్రి!" అని అరిచాను. పాస్టరుగారు ప్రార్థన ఆపేశారు. డబ్బాకు క్లిప్పు లేదు, వాల్వులూ ఇంకా గుచ్చలేదు. ఒంట్లో బాగోలేక స్విచ్ మాత్రం ఆపి కుర్చీలో వాలిపోయినట్టున్నారు.

ప్లగ్ పీకాను. ఎడమ చేతికి చున్నీ చుట్టి వెనక్కి పెట్టుకున్నాను. "పీనుగ ముందర గిదేం పని?" అని ఎవరో గొణిగారు. ఒంటిచేత్తో మీటరు తగిలించాను. ముల్లు రెండు వందలు దాటి నిలబడింది. రెసిస్టర్ కట్టిన పుల్ల అందుకున్నాను. అంతలో ఆంటీ ఏడుస్తూ నా భుజం మీద చెయ్యి వేయబోయారు.

"ఆంటీ, నన్ను ముట్టుకోకుండ్రి!"

ఆమె బిత్తరపోయి ఆగిపోయారు. పాపం, ఎవరినైనా పట్టుకుని ఏడవాల్సిన మనిషి.

అంకుల్, జెర చూస్కోండి అనుకుంటూ పుల్ల ఆనించాను. ముల్లు దిగడం మొదలైంది. సున్నా దగ్గర ఆగేదాకా పుల్ల తియ్యలేదు.

"అయిపోయింది ఆంటీ," అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆంటీ బాల్కనీలోకి వెళ్లారు. తీగ మీంచి ఒక క్లిప్పు తీసుకొచ్చి, తన చేత్తోనే డబ్బాకు పెట్టారు.

"ఇగ చల్లబడ్డట్టేనా అమ్మా?" అని నన్ను దగ్గరకు తీసుకున్నారు.

ఆమె భుజం మీద తలపెట్టి చూస్తే, బాల్కనీలో నిన్న ఉతికిన అంకుల్ చొక్కా ఒక్క భుజంతో తీగకు వేలాడుతోంది.