రైట్ కవర్‌లో నిలబడ్డోడు

కబడ్డీ సీజన్ ముగిసిన రెండు వారాలకు పేపర్లో ఏడుగురి ఫోటోలు వేసిండ్రు. సీజన్ మొత్తం మీద గొప్పగ ఆడినోళ్ళట. ఇల్లందు బస్టాండ్ పక్క చాయ్ హోటల్లో కూసోని ఆ పేజీ పై నుంచి కిందిదాకా, మళ్ళ కింది నుంచి పైదాకా చదివిన. కూతకు పోయి పాయింట్లు తెచ్చేటోళ్ళు ఉన్నరు. కాళ్ళు దొరకబట్టేటోళ్ళు ఉన్నరు. మా పిల్లగాడు లేడు.

"రాసినోనికి కండ్లున్నయా, టీవీ బంద్ చేసి రాసిండా?" అని గట్టిగనే అన్న.

"బామ్మర్దీ, బీపీ గోలీ ఏసుకున్నవా లేదా?" అన్నడు ఎదురుంగ కూసున్న మా అక్క మొగుడు. బొగ్గు బాయిలో డబ్బాలు గుంజే హాలేజీ ఇంజన్ నడిపి రిటైరైన మనిషి. నేను ఒకటంటే దానికి ఎదురు అనకపోతే ఆయనకు చాయ్ దిగదు.

మా పిల్లగాడు అంటున్న గాని వాడు నాకు చుట్టం కాదు. అప్పటికి నేను వాన్ని టీవీలో తప్ప చూసింది లేదు. ఏన్కూరు దాటినంక అడివి అంచున ఉన్న కోయగూడెం వానిది. టీవీలో వచ్చే పెద్ద లీగులో ఒక జట్టుకు రైట్ కవర్ ఆడతడు. కబడ్డీ తెలియనోళ్ళకు ఒక మాట చెప్పాలె. కోర్టుకు రెండు చివర్ల నిలబడేటోళ్ళు కార్నర్లు. కూతకు వచ్చినోని మడమ పట్టి గుంజేది వాళ్ళు. ఆ కార్నర్‌కు లోపలి పక్క నిలబడేటోడు కవర్. కార్నర్ పట్టింది లోకానికి కనిపిస్తది. కవర్ చేసింది కనిపించాలంటే చూసేటోడు కొంచెం మనిషై ఉండాలె.

సీజన్ సగంలో జరిగిన ఒక ఆట ఇప్పుడు తల్చుకున్నా నా కాళ్ళు ఒక దగ్గర ఆగవు. ఆఖరి నిమిషం. మనోళ్ళు ఒక్క పాయింట్ ముందున్నరు. ఎదుటి జట్టు నుంచి వచ్చేది పేరు మోసిన రైడర్. వాళ్ళ జట్టుకు అంతకు ముందు రెండు కూతలు ఉత్తగ పోయినయి కాబట్టి ఇది చావోరేవో కూత. పాయింట్ తేకుంటే వాడే ఔట్. వచ్చిండు. కుడి కార్నర్ మీదికి పోయి కాలు ఝాడించిండు. వాని తరీఖ నాకు తెలుసు. కార్నర్‌ను కిందికి వంగనిచ్చి, ముట్టి, గిర్రున మధ్యలోకి తిరిగి ఉరుకుతడు. సీజనంతా అట్లనే తప్పించుకున్నడు. అప్పుడు మా పిల్లగాడు ఏం చేసిండు? ఒక్క అడుగు ముందుకేసిండు. అంతే! భుజం కొంచెం వంచి, రైడర్ తిరిగి పోవాల్సిన తోవలో నిలబడ్డడు. రైడర్ తిరగబోయిండు, వీన్ని చూసిండు, రెప్పపాటు ఆగిండు. ఆ రెప్పపాటులో కార్నర్ వాని మడమ అందుకున్నడు. ఇగ మీద పడ్డరు అందరు. గెలిచినం!

టీవీవాళ్ళు కార్నర్ చెయ్యిని దగ్గరగ చూపిచ్చిండ్రు, పై నుంచి చూపిచ్చిండ్రు, నిదానంగ చూపిచ్చిండ్రు. కార్నర్ తొడ కొట్టిండు, మీసం దువ్విండు. కామెంటరీ ఆయన గొంతు పోయేదాకా కార్నర్ పేరే. మా పిల్లగానిది తెర అంచున సగం భుజం కనిపించింది.

నేను హోటల్ బెంచీ మీదికి ఎక్కిన. "ఆ అడుగు చూడుండ్రి! కాలు కాదు, ఆ అడుగు!"

"తాతకు పూనింది. నిమ్మకాయ తేండ్రి రా!" అని వెనక నుంచి ఎవడో అరిచిండు. హోటలంతా నవ్వు. నవ్వితే నవ్విండ్రు. నేను బాయిలో టింబర్‌మెన్‌గా చేసినోన్ని. కప్పు కూలకుండ దుంగలు నిలబెట్టుడు నా పని. నిలబడ్డది ఊరికే నిలబడ్డదా, బరువు మోస్తున్నదా అన్నది నాకు ఒకలు చెప్పే అవసరం లేదు. బడి మొఖం చూడలే, చదువు ఈ హోటల్ పేపర్ల మీదనే నేర్చుకున్న. అయినా ఆ ఫోటోల పేజీ నన్ను రాయమంటే ఇంతకంటే ఇమాందారీగ రాస్త.

ఇంకో ఆట చెప్త. మనోళ్ళు ముగ్గురే మిగిలిండ్రు. రైడర్ వచ్చిండు, అటు ఉరికిండు, ఇటు ఉరికిండు. మా పిల్లగాడు ఎటు అవసరమైతే అటు అరడుగు జరుగుకుంట పోయిండు. రైడర్‌కు సందు దొరకలే, టైం అయిపోయి ఉత్తచేతుల తిరిగిపోయిండు. గా ఆఖరి కూత ఉత్తగ పోయిందాంతోటే ఆట సమానంగ ముగిసింది, లేకుంటే ఓడేటోళ్ళం. మరి ఆ ముప్పై సెకండ్లకు వాని పేరు మీద ఏం పడ్డది? సున్న. ముట్టలే, పట్టలే, కాబట్టి ఏం చేయనట్టే లెక్క. ఇంకో దినం కార్నర్ చేతిలోంచి మడమ జారి, రైడర్ చెయ్యి మధ్య గీతకు జానెడు దూరంల ఉంటే, వీడు గాలిలోంచి వచ్చి గుద్ది రైడర్‌ను కోర్టు బయట పడేసిండు. అబ్బ, ఏం గుద్దుడు! పాయింట్ మాత్రం మొదలు పట్టిన కార్నర్‌కు రాసిండ్రు.

ఇవన్నీ ఆ పొద్దు హోటల్లో మళ్ళ అప్పజెప్తుంటే, చాయ్ పోసేటాయన గ్లాసులు కడుగుడు ఆపిండు. ఆయన అత్తగారిది ఏన్కూరు.

"తాతా, నీ పిల్లగాడు ఆట బంద్ చేసిండట. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల కాంట్రాక్టర్ కింద టిప్పర్ నడపనీకె సోమవారం ఎక్కుతడట. వాళ్ళ మేనమామ మాట్లాడి పెట్టిండు. జట్టోళ్ళు క్యాంపుకు రమ్మని ఫోన్ చేస్తుంటే ఎత్తుతలేడట."

"ఎందుకట?"

"ఊళ్ళె నవ్వుతున్నరట. టీవీల నిలబడి వచ్చినోడు అని పేరు పెట్టిండ్రట."

నాకు చాయ్ చేదైంది. తెల్లారి మొదటి బస్సుకే బయలెల్లిన. మా బావ సంచి పట్టుకొని స్టాండ్ల తయారుగ నిలబడి ఉన్నడు.

"నువ్వెందుకు?"

"ఆడ నువ్వు లొల్లి చేస్తే నిన్ను తోలుకరానీకె ఒకడుండాలె గద."

రెండు బస్సులు మారి, ఏన్కూరు నుంచి ఆటోల పోయినం. ఊరంతా మిర్చి ఘాటు. వాళ్ళింటి పక్క కల్లంలో ఎర్రగ కాయ ఆరబోసి ఉన్నది. వాళ్ళమ్మ ఒక పక్క కూసోని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నది.

"ఎవలయ్య మీరు?"

"ఇల్లందు నుంచి వచ్చినం చెల్లే. నీ కొడుకు ఆట చూసేటోళ్ళం."

"ఏం చూసిండ్రో జర నాకు చెప్పు అన్నా." ఆమె గొంతుల కోపం ఉన్నది. "నేను పక్కింట్ల టీవీ ముంగట సీజనంతా కూసున్న. ఒక్క దినమన్న వాని పేరు సక్కగ అన్లే. పక్కింటామె అడుగుతది, వదినే, నీ కొడుకు ఆళ్ళకు నీళ్ళ సీసాలందిస్తడా అని. నా తల యాడ పెట్టుకోవాలె? టిప్పర్ నడిపితే టిప్పర్ నడుపుతుండు అంటరు. గదే మంచిది."

పిల్లగాడు లోపలి నుంచి లుంగీ కట్టుకుంట వచ్చిండు. టీవీలో కంటే పొడుగున్నడు. నేను ఎందుకు వచ్చిన్నో విని కొంచెం నవ్విండు.

"నీ అభిమానానికి దండం తాతా. సీజన్ పాయింట్ల లిస్టు చూసినవా? కింది నుంచి చూస్తే జల్దీ దొరుకుత."

"లిస్టును పొయ్యిల పెట్టు. ముగ్గురు మిగిలిన ఆటల, ఆ పొట్టి రైడర్ నీ కుడికి ఉరికినట్టు చేసినప్పుడు నువ్వు ఎందుకు కదలలే?"

వాని మొఖంలో నవ్వు పోయింది. "వాని చూపు ఎడమకున్నది తాతా. అది... అది నువ్వు చూసినవా?"

"చూసిన. మడమ జారినప్పుడు నువ్వు గుద్దింది కూడ చూసిన. నువ్వు గుద్దకపోతే వాని చెయ్యి గీతకు అంటేది."

"అవ్, అంటేది," అన్నడు నెమ్మదిగ. గోడకు ఆనుకున్నోడు ముందుకు వచ్చి నిలబడ్డడు. ఆ ముచ్చట వానితోని ఎవలూ అన్నట్టు లేదు.

వాళ్ళమ్మకు మాత్రం ఏం ఎక్కలే. "నిలబడుడు గూడ ఒక ఆటనా అన్నా?"

"మాటలతోటి కాదు బామ్మర్దీ, ఆడి చూపియ్," అని మా బావ లుంగీ ఎగ్గట్టిండు. డెబ్బై దాటినయి ఆయనకు. కల్లంలో ఖాళీ పక్కన కాలితోటి గీత గీసిండు. నేను కార్నర్. పిల్లగాన్ని దూరం జరగమన్న. బావ కూత పెట్టి వచ్చిండు, కాలు ఝాడించిండు. నేను వంగేలోపట నా నెత్తి మీద ఒకటి చరిచి గీత దాటిండు. చుట్టుపక్కల ఇండ్లళ్ళకెల్లి జనం వచ్చిండ్రు. "తాత ఔట్!" అని పిల్లలు ఎగురుతున్నరు.

"ఇప్పుడు నువ్వు నీ జాగాల నిలబడు బిడ్డా," అన్న.

సిగ్గుపడుకుంట వచ్చి నిలబడ్డడు. బావ మళ్ళ వచ్చిండు. కాలు ఝాడించిండు. తిరగబోయి వాన్ని చూసిండు. ఆగిండు! నా చేతికి మడమ దొరికింది. బావ దుమ్ముల కూలబడ్డడు.

"తొండి! కాలు జారింది!" అన్నడు. మళ్ళ వచ్చిండు. మళ్ళ దొరికిండు.

ఊరోళ్ళు ఈలలేసిండ్రు. "తాత పట్టిండు! అబ్బ, ముసలోడు భలే పట్టిండు!"

నాకు మండింది. "నన్ను కాదురా పొగిడేది! మీకూ ఆ పేపరోనికి తేడా ఏమున్నది? ఇందాక వీడు లేనప్పుడు ఇదే చెయ్యి, ఇదే ముసలోడు. అప్పుడెందుకు పట్టలే?"

వాళ్ళమ్మ చేటలోని కాయలు పక్కకు పెట్టి లేచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

"జరుగుండ్రి. నేను పోత."

"అమ్మా, వద్దే," అన్నడు పిల్లగాడు.

"నిలబడు నువ్వు! చిన్నప్పుడు వాగు ఇసుకల మేం ఆడలేదా? ఎవలు పట్టిండ్రు నన్ను?"

ఆడమనిషి కాలు నేను పట్టేది బాగుండదు. నీళ్ళ సీసాల ముచ్చట అడిగిన పక్కింటామెనే వచ్చి నా జాగాల నిలబడ్డది. "దా వదినే, దా," అని చేతులు చాపింది.

వాళ్ళమ్మ కూత ఎత్తుకున్నది. ఏం గొంతు! ఏం నడక! అటు ఊగి ఇటు ఊగి, పక్కింటామె భుజం ఠక్కున ముట్టి, నవ్వుకుంట వెనక్కి తిరిగింది. కొడుకు తల్లికి అడ్డం పోవాలనుకోలే, వాని మొఖం చూస్తనే తెలుస్తున్నది. కాని కాళ్ళు ఊకుంటయా? ఒక్క అడుగు పడ్డది. ఆమె ఆగింది. పక్కింటామె నడుం చుట్టేసింది. ఇద్దరు కలిసి మిర్చి అంచు మీద పడ్డరు.

"పట్టిన! నేను పట్టిన!" అని పక్కింటామె అరుస్తున్నది.

"నువ్వు పట్టుడేంది?" వాళ్ళమ్మ దుమ్ములనే కూసోని గయ్యిమన్నది. "నేను ఆగితే పట్టినవ్! వీడు నన్ను ముట్టనే లేదు. మరి నేనెందుకు ఆగిన?"

అని కొడుకు దిక్కు చూసింది. వాళ్ళ కోయ భాషలో గడగడ ఏదో అన్నది. వాడు తల వంచి ఒక్క మాట చెప్పిండు. నాకు అందక అడిగిన.

"గీ సంగతి ముందుగాల నాకెందుకు చెప్పలే అంటున్నది తాతా."

"నువ్వేమన్నవ్?"

"నాకే తెల్వకుండ పోయిందన్న. అందరు ఒకటే మాటంటుంటే, ఉత్తగనే నిలబడ్డనేమో అనుకున్న."

వాళ్ళమ్మ లేచి చీర దులుపుకున్నది. "మీ మామకు నేను చెప్త, సోమవారం టిప్పర్‌కు ఇంకొకన్ని చూసుకొమ్మని. నువ్వు ఫోన్ చెయ్."

"ఎవలికమ్మా?"

"నాటకాలాడకు."

కల్లం పక్కకు పోయి చేసిండు. మేమంత చెవులు నిక్కబెట్టినం. "సార్... అవ్ సార్... ఊర్లనే ఉన్న... లేదు సార్, జరం గిట్ల ఏం లేదు... వస్త సార్. అవ్, ఎల్లుండికే వస్త." ఫోన్ అంగీ జేబులో పెట్టుకొని మా దిక్కు తిరిగిండు. వాని మొఖం చూసి నేను చేతులు రెండు పైకెత్తి అరిచిన. ఎందుకరిచిన్నో నాకే తెల్వదు.

"వచ్చే సీజన్ల వీని పేరు అంటరా అన్నా?" అని అడిగింది వాళ్ళమ్మ.

అబద్ధం చెప్పబుద్ధి కాలే. "అనరు చెల్లే. వాళ్ళు మారరు."

"అనకుంటే మానె."

"టీవీ నాది వదినే," అన్నది పక్కింటామె. "ఎటు చూడాలెనో నేను చెప్త అందరికి."

ఇగ అప్పుడు చూడాలె! టీవీల నిలబడి వచ్చినోడు అని పేరు పెట్టిన పోరగాండ్లు ఒకని వెనక ఒకడు వరుస కట్టిండ్రు. "నేను పోత, నేను దాటుత," అని ఒకటే తోపులాట. మొదటోడు వచ్చిండు, దొరికిండు. రెండోడు ఎడమకు పోయిండు, ఆడ వీడే ఉన్నడు. మా బావ మళ్ళ లుంగీ ఎగ్గట్టి వరుసల నిలబడ్డడు. ఏన్కూరు పోయే ఆటో వచ్చి, హారన్ కొట్టి, మేం ఎక్కకుంటే వెళ్ళిపోయింది.

ఇందాక సిగ్గుపడ్డ పిల్లగాడు ఇప్పుడు నాకు ఆర్డర్లేస్తున్నడు. బలంగ ఉన్న ఒకడు కూత పెట్టి నా మీదికే వస్తున్నడు. నా చేతులు ముందుకు ఉరుకుతున్నయి.

"ఆగు తాతా. ఆగు. నేనున్న, నువ్వు వంగకు. ఆగు... ఇప్పుడు!"

నేను దూకిన.