మోక దగ్గర హుసేనప్ప గుడారం

గాంధీనగర్‌లో మా పక్కింటి హుసేనప్ప బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బళ్లారి నుంచి మోక దాకా ప్రతి ఊరూ తెలుసంటాడు. ఆయనకు తెలిసినవి స్టేజీలే. ఏ ఊళ్లోనూ దిగి గుక్కెడు మంచినీళ్లు తాగిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చుకోవాలనే కాబోలు, ఓ గుడారం కొని, సైకిలు మీద వెళ్లి పొలాల్లో పడుకొస్తానని బయల్దేరాడు.

భార్య కొట్రమ్మ నవ్వలేదు. "పో, ఎవురొద్దన్నారు? బస్సెక్కి తిరిగొస్తే మాత్రం ఆ సైకిలు గుజిరీకి ఏసేస్తా చూడు" అంది. పాత సామాన్ల కొట్టుకు ఆమె అంతకుముందే ఆయన రేడియో పంపేసింది. అన్నంత పనీ చేసే మనిషి.

మోక దాటేసరికి పొద్దు వాలింది. కాలువ కింద చదును చేసిన మడి ఒకటి పరుపులా కనిపించింది. గట్టు ఇరుకని, మడిలోనే గుడారం వేసి కాళ్లు చాపాడు. ఆ మడికి ఆ సాయంత్రమే నీళ్ల వంతు. బస్సు కిటికీలోంచి పొలాలు చూసినవాడికి అదెలా తెలుస్తుంది? చాప కింద నీరు అంటారే, అది నిజంగానే వచ్చింది.

"ఓ యప్పా! మడిలో ఇల్లు కట్టినావేంది? లెయ్యి, లెయ్యి!"

మడి యజమాని హొన్నమ్మ పార పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వంతు పోతే నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు. అయినా మడిలోకి నీళ్లొచ్చే మడవ కట్టేసి, ఆయనతో కలిసి సామానంతా రోడ్డు పక్కనున్న తన వాకిట్లోకి మోసింది. మడవ మళ్లీ తెరిచొచ్చి, జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టింది.

తెల్లారేసరికి హుసేనప్పకు తొడలు పట్టేశాయి. దుప్పటి ఇంకా తడి. అంతలో బళ్లారి బస్సు వచ్చి ఆగింది. అందులో కండక్టరు పాత జతగాడు కనకప్ప.

"ఎక్కు హుసేనప్పా! సైకిలు టాపు మీద ఏస్తాం."

హుసేనప్ప మనసు అప్పుడే ఎక్కి సీట్లో కూర్చుంది. వెనక్కి చూస్తే, హొన్నమ్మ ఆయన గుడారాన్ని ఎండలో తిరగేస్తోంది. నీళ్లు నిండిన మడిలో కొంగలు దిగుతున్నాయి.

"ఇంగొంచేపటికి ఎండుతాది లేప్పా. ఏం తొందర? ఉగ్గాని కలిపినా, తిని పో."

ముక్కూ మొహం తెలియని తనకోసం వంతు నీళ్లు ఆపిన మనిషి. హుసేనప్పకు ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. బస్సు రేకును అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"రైట్! పోనీ కనకప్పా. నేను ఈడ దిగినా."